గుర్రం పుర్రెతో వియ్యం

కరోనా వచ్చిన ఏడాది మా లీక్స్‌లిప్ ఎస్టేట్‌లో విజ్ఞానం వరదలై పారింది. ఎస్టేట్ అంటే జమీందారీ అనుకునేరు, ఒకే అచ్చులో పోసిన ఇళ్ళ వరసకి ఇక్కడ ఆ పేరు. ఎదురింటావిడ అరటిపళ్ళని సబ్బుతో కడిగేది. మూలింటాయన వచ్చిన పార్సిళ్ళన్నీ తోటలో ఎండబెట్టేవాడు. ఐర్లండులో ఎండ ఎక్కడిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మన తెలుగువాళ్ళ గ్రూపులో అంకుల్సందరూ ఉన్నపళంగా వైద్యులైపోయి, కషాయంలో మిరియాలు ముందా శొంఠి ముందా అని కొట్టుకు చచ్చేవారు. ఎస్టేట్ వాళ్ళకి వేరే గ్రూపు ఉండేది. దాంట్లో పని ఒక్కటే, ఎవరింటికి ఎవరొచ్చారో కనిపెట్టి అందరికీ చెప్పడం.

మా ఆయన ఇక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. లోకమంతా ఇళ్ళలో కూర్చున్నా ఆ ఫ్యాక్టరీ ఆగలేదు. తల నుంచి కాలి దాకా తెల్ల సూటు తొడుక్కుని, కళ్ళు మాత్రం కనబడేట్టు పనిచేసే మనిషి. దుమ్ము రేణువంటే ఆయనకి ఆగర్భశత్రువు. మూఢనమ్మకాలన్నా అంతే. కొత్త కారు కొన్నప్పుడు మాత్రం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. అది మూఢనమ్మకం కాదట, సంప్రదాయమట. రెంటికీ తేడా ఏమిటంటే, మనదైతే సంప్రదాయమని తేల్చేశాడు. ఇంజనీరు మాటకి ఎదురు లేదు కనక నేను ఊరుకున్నాను.

మా అత్తగారు ఆ ఫిబ్రవరిలో మనవరాల్ని చూసుకుని వేసవిలోపు వెళ్ళిపోతానని వచ్చారు. విమానాలు ఆగిపోయాయి. ఆవిడ నోరు మాత్రం ఆగలేదు. మాది కోనసీమ. అక్కడ పెళ్ళిళ్ళలో బంతి భోజనాల దగ్గర వియ్యాలవారిని తిడుతూ పాడే పాటలున్నాయే, వాటికి ఆవిడ పెట్టింది పేరు. మగపెళ్ళివారు అరిటాకు ముందు కూర్చోగానే ఈవిడ లేచేవారు. పెళ్ళికొడుకు తండ్రి బట్టతల దగ్గర మొదలుపెట్టి, వాళ్ళ మేనత్త నడక మీదుగా, వాళ్ళూరి నీళ్ళదాకా దేన్నీ వదిలేవారు కారు. తిట్లు తింటూనే వాళ్ళు రెండోసారి పులిహోర అడిగేవారు. ఎదుటి పక్షంలో ఎంతటి పాటకత్తె ఉన్నా చివరి చరణం మా అత్తగారిదే. నా పెళ్ళిలో మా పిన్ని ఆవిడ మీదకి వెళ్ళి, పాట మధ్యలో గొంతు పట్టేసి మజ్జిగ తాగుతూ కూర్చుంది. ఆ సంగతి ఇప్పటికీ నాకు ఏడాదికోసారి వినబడుతూనే ఉంటుంది.

అంత విద్య గల మనిషిని తెచ్చి, వియ్యపురాలన్నదే లేని ఐర్లండులో, తలుపేసిన ఇంట్లో పెట్టాం. జూమ్‌లో సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే ఆవిడ మంగళహారతి అందుకునేవారు, పంతులుగారు మ్యూట్ చేసేవారు. ఆ అవమానాన్ని ఆవిడ మర్చిపోలేదు.

మా పక్కింట్లో ఒక ముసలి దంపతులుండేవారు. ఆయనది వేల్స్, ఆవిడది ఇక్కడి ఎన్నిస్ అనే ఊరు. వయసులో ఉండగా ఆవిడ కోసం పడవెక్కి సముద్రం దాటి వచ్చేసి, బడిలో వడ్రంగం నేర్పుతూ ఇక్కడే ఉండిపోయాడు. పిల్లలు లేరు. ఆ ఏప్రిల్‌లో ఆవిడని అంబులెన్సులో తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. అంత్యక్రియలకి పదిమందికి మించకూడదన్న రోజులు. శవం ఉన్న కారు మా వీధిలోంచి మెల్లగా వెళ్తుంటే మేమంతా ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడ్డాం. వెనక కారులో ఆయనొక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరి గడపా తొక్కలేదు, ఆయన గడప ఎవరూ తొక్కలేదు. అందరం నిబంధనలు తూచా తప్పకుండా పాటించాం. గ్రూపులో ఆయనకి ఏడుపు బొమ్మలు మాత్రం లెక్కలేనన్ని పంపాం.

ఆయన్ని మాట్లాడించింది మా అత్తగారే. పెరట్లో రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. అటు ఆయన కుర్చీ, ఇటు ఈవిడ కుర్చీ, మధ్యలో దుబాసీగా మా అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది గానీ దానికి నోట్లోంచి వచ్చేది ఐరిష్ ఇంగ్లీషే. మొదట్లో వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఇక్కడ అది రోజుకి నాలుగుసార్లు మారుతుంది కనక కొన్నాళ్ళు గడిచింది. తర్వాత దెయ్యాల్లోకి దిగారు.

వాళ్ళ వేల్స్‌లో పాతాళం నుంచి వేటకుక్కలు వస్తాయట. దూరంగా ఉంటే అరుపు పెద్దగా వినిపిస్తుందట, దగ్గరికొచ్చేకొద్దీ చిన్నదైపోతుందట. "మొరిగే కుక్క కరవదనేగా మనమూ అనేది. ఇందులో వింతేముందే?" అన్నారు అత్తగారు. ఎవరైనా పోయేముందు ఆ ఇంటి నుంచి శ్మశానం దాకా చిన్న దీపం ఒకటి గాల్లో నడుచుకుంటూ వెళ్తుందట. ఈవిడ వెంటనే నోట్లోంచి మంటలు కక్కే కొరివి దెయ్యాన్ని గోడ మీద పెట్టారు. "మన దాని ముందు ఆయన దీపం ఏపాటిదో చెప్పవే" అని మనవరాలిని పొడిచారు. అది చెప్పింది. ఆయన నవ్వాడు. నవ్వు ఆగాక, "మా ఇంటి నుంచి ఏ దీపమూ వెళ్ళలేదు. అంబులెన్సు నీలం లైటు ఒక్కటే వెళ్ళింది" అన్నాడు. మా అమ్మాయి దాన్ని నానమ్మకి చెప్పలేక నా వంక చూసింది. నేను చెప్పాను. అత్తగారు ఆ రోజింక పోటీకి దిగలేదు.

వాళ్ళ ప్రాంతంలో అడవుల్లో తిరిగే మాయజనం ఉన్నారట, పిల్లల్ని ఎత్తుకుపోతారట. వాళ్ళని చెడ్డ పేరుతో పిలిస్తే కోపమొస్తుందని 'అమ్మల దీవెన' అంటారట. అది వినగానే మా అత్తగారి మొహం వెలిగిపోయింది. "మసూచి పోస్తే మనం అమ్మవారనలేదూ? భయపడ్డవాళ్ళ తెలివి ఎక్కడైనా ఒకటేనే అమ్మాయ్" అన్నారు. అప్పట్నించి ఆయన ఆవిడ దృష్టిలో తెలిసిన మనిషైపోయాడు. మా ఆయన మాత్రం టీ కప్పుతో అటుగా వచ్చి, "చదువుకున్నవాళ్ళు కూడా ఇవన్నీ నమ్ముతారంటే ఆశ్చర్యంగా ఉంది" అన్నాడు. అప్పుడాయన మెడలో వాళ్ళమ్మ కట్టిన తాయెత్తు ఉంది.

జనవరి వచ్చింది. క్రిస్మస్‌కి కాస్త వదిలిన తాళ్ళన్నీ మళ్ళీ బిగించారు. ఎవరింటికీ ఎవరూ వెళ్ళకూడదు, తోటలోకి కూడా. ఒక మధ్యాహ్నం పక్కింటాయన గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

వాళ్ళ ఊళ్ళో పాత లెక్క ప్రకారం కొత్త సంవత్సరం జనవరి పదమూడున వస్తుంది. సరిగ్గా మన భోగి నాడు. ఆ రోజుల్లో గుర్రపు పుర్రెని కర్రకి గుచ్చి, తెల్ల దుప్పటి కప్పి, రంగు రిబ్బన్లు కట్టి, ఇంటింటికీ తిప్పుతారు. దాని పేరు మారి లుయిడ్. దుప్పటి కింద దూరిన మనిషి తాడు లాగితే దవడ టకటకా కొట్టుకుంటుంది. గుర్రం గుమ్మంలో నిలబడి లోపలికి రానివ్వమని పాడాలి, ఇంట్లోవాళ్ళు తలుపు తియ్యకుండా లోపలినుంచి ఎదురు పాడాలి. ఈయన ఏటా మా ఎస్టేట్‌లో తిప్పేవాడు. మిగతా ఇళ్ళవాళ్ళు పాటలు రాక ఒక చుక్క విస్కీ ఇచ్చి పంపేసేవారు. అసలు పోటీ చివర్న ఆయన ఇంటి ముందే. బయట ఆయన, లోపల ఆయన భార్య. ఆ పాటల కోసం ఎన్నిస్ మనిషి వాళ్ళ భాష నేర్చుకుందట. కిందటి జనవరిలో మా అమ్మాయి వెళ్ళి చూసింది. మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం మా ఆయన కిటికీలోంచి పుర్రెని చూసి, లైట్లార్పేసి, నన్ను కూడా సోఫా వెనక్కి లాగాడు. అది కూడా సంప్రదాయమే అయుంటుంది.

"ఈసారి ఎవరింట్లోకీ వెళ్ళడం కుదరదని తెలుసు" అన్నాడాయన. "తలుపవతల నుంచి ఎవరైనా నాకు జవాబు పాడితే చాలు. మీ అత్తగారు పాడతారని పాప చెప్పింది. ఏ భాషైనా ఫరవాలేదు." టోపీ ఇంకో చేతిలోకి మార్చుకుని, "గుర్రం ఒక్క గడపైనా దాటకపోతే పాత ఏడాది వెళ్ళదనేది మా అమ్మ. ఆ ఏడాదిని ఇంకో ఏడాది మొయ్యడం నా వల్ల కాదు. కనీసం పాటైనా పాడితే కొంత నయం కదా" అన్నాడు. నేను అలాగేనండీ అన్నాను.

ఇంట్లో చెప్పగానే అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చారు.

"పోటీయా?"

"అవునండీ అత్తయ్యగారూ. ఆయన బయట, మీరు లోపల."

"ఆయన తరఫున ఎంతమంది?"

"ఆయనొక్కరే. గుర్రం."

"గుర్రం పాడదు కదా. సరే, వంట నేను పొద్దున్నే కానిస్తాను" అన్నారు. మా ఆయన ఇది అనవసరమని చెప్పబోయాడు. ఆవిడ గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

భోగి నాడు నాలుగున్నరకే వెలుతురు మందగించింది. ఎస్టేట్‌లో అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు, ఎవరి గుమ్మం వాళ్ళదే. అత్తగారు పట్టుచీర మీద నా చలికోటు వేసుకుని, మూసిన తలుపు వెనకాల కుర్చీ వేయించుకున్నారు. ఉత్తరాలు పడే చిల్లు రేకుని ఎత్తి పట్టుకోమని మనవరాలికి చెప్పారు. నేను పక్క కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన ఇంట్లోంచి గుర్రం వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. తెల్లటి పొడుగాటి పుర్రె, కళ్ళకి సీసా అడుగులు, చెవులకి రిబ్బన్లు. దుప్పటి కింద ముసలాయన బూట్లు మాత్రం మామూలుగా ఉన్నాయి. మా ఆయన వెనకనుంచి నవ్వాడు. రోజూ తెల్ల ముసుగేసుకుని పనికెళ్ళే మనిషి, తెల్ల దుప్పటి కప్పుకున్న మనిషిని చూసి నవ్వడం నాకు నచ్చలేదు.

గుర్రం పాడింది. పొడుగ్గా, బరువుగా సాగే రాగం. ఆయన ఆగగానే చిల్లులోంచి మా అత్తగారు అందుకున్నారు:

"ఎముకల గుర్రమా, ఎందాక పయనమా?
తోక లేదు, డెక్క లేదు, తొందరెందుకమ్మా!
గడ్డి పెడితే మింగడానికి గొంతుకే లేదు
గడప దాటి వచ్చి మీరు గతికేది ఏమమ్మా?"

ఆ గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. ఏడాదిగా మ్యూట్‌లో ఉన్న గొంతది. గుర్రం ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ పాడింది. ఈవిడ మళ్ళీ:

"మూతికి మాస్కు లేదు, ముక్కంతా చిల్లే
మా వాకిట నిలిచారు వియ్యాలవారే!
దుప్పటైతే ఉంది గాని తుమ్మే మర్యాద లేదు
దూరంగా ఉండమంటే దూసుకొచ్చినారే!"

మా అమ్మాయి చిల్లులోంచి ఇంగ్లీషులో అర్థం అరిచి చెప్పింది. ఎదురింటావిడ అరటిపండు చేత్తోనే చప్పట్లు కొట్టింది. గుర్రం దవడ టకటకలాడించి, ఊగి, ఇంకోటి పాడింది. అత్తగారు ఇంకోటి. గుర్రం వంశాన్ని, వేల్స్ వానల్ని, వాళ్ళ భాషలో అక్షరాలన్నీ అడ్డదిడ్డంగా ఉంటాయన్న సంగతిని, మనవరాలి ద్వారా తెలిసినదల్లా వాడేశారు. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. నేను ఆవిణ్ణి అంత సంతోషంగా ఈ దేశంలో ఎప్పుడూ చూడలేదు. చీకటి పడుతుండగా బయట పాట ఆగింది. ఆయన దగ్గు వినిపించింది.

"ఫెయిర్ ప్లే టు హర్," అన్నాడు దుప్పటి లోపల్నుంచి, శభాష్ అనడానికి ఇక్కడి మాట అది. "నా దగ్గర ఇంక చరణాల్లేవు. గుర్రం ఓడింది."

వీధంతా చప్పట్లు. అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, "మంచినీళ్ళు తేవే అమ్మాయ్" అన్నారు. మా పిన్ని పేరు కూడా ఎత్తబోయారు. అప్పుడు మా అమ్మాయి రేకు వదిలేసింది.

"వై డిడ్ యూ విన్, నానమ్మా?" అంది. ఏడుపు గొంతు. పక్కింటావిడ ఎప్పుడూ ఓడిపోయేదట, కావాలనే. బాగా పాడి, పాడి, చివర్లో ఓడిపోయి తలుపు తీసేదట. ఇల్లు ఓడితేనే గుర్రం లోపలికొస్తుంది. ఇల్లు గెలిస్తే గుర్రం వెళ్ళిపోవాల్సిందే. అదీ ఆట.

అత్తగారు నావైపు చూశారు. "అదేంటే? పాటకీ లోపలికి రావడానికీ సంబంధమేంటి?" అన్నారు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. మన పాటల్లో తిట్టించుకునేవాడు అప్పటికే ఆకు ముందు కూర్చుని ఉంటాడు. ముందు పీట, తర్వాత తిట్టు. తిట్టి గుమ్మంలోంచి పంపేయడమన్నది ఆవిడ ఊహకి అందే విషయం కాదు. "మరి నేను గారెలు ఎవరికి చేశాననుకున్నారు?" అన్నారు.

నేను నిబంధనలు చెప్పాను. మా ఆయన ఫ్యాక్టరీ సంగతి, ఒక్కరికి జ్వరమొస్తే షిఫ్టంతా ఇంటికే అన్న సంగతి చెప్పాడు. ఆవిడ విని, "ఒంటరి మనిషికి దారే లేకుండా రాశారా మీ ప్రభుత్వంవాళ్ళు? అంత పాపాత్ములా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. దారి రాశారు. ఒంటరిగా ఉండే మనిషి ఏదైనా ఒక్క ఇంటితో కలవచ్చు, ఆ ఇల్లు ఇంకే ఇంటితోనూ కలవకూడదు. బబుల్ అంటారు దాన్ని. ఎస్టేట్‌లో అందరికీ ఆ రూలు కంఠతా వచ్చు. దాని మీద గ్రూపులో వాదోపవాదాలు కూడా జరిగాయి. ఆయన్ని అడగాలని మాత్రం ఎవ్వరికీ తోచలేదు.

"ఒక్క ఇంటితోనే, ఇంకెవరితోనూ కాదు. అంటే వియ్యమేగా!" అన్నారు అత్తగారు. "ఆయన్ని పిలవండి."

నేను కిటికీ తెరిచి పిలిచి, బబుల్ మాట చెప్పాను. ఆయన అప్పటికే తన గేటు దగ్గరున్నాడు. గుర్రం తల మావైపు తిరిగింది. "థాంక్యూ. మీది మంచి మనసు. కానీ ఓడిన గుర్రం గడప దాటకూడదు" అన్నాడు. ఎంత నమ్రతగా అన్నాడో అంత మొండిగా అన్నాడు. జాలితో తీసిన తలుపు ఆయనకి అక్కర్లేదని నాకు తెలిసిపోయింది.

అత్తగారికి అనువాదం అవసరం కాలేదు. రేకు ఎత్తమని మనవరాలికి సైగ చేశారు. గొంతు సవరించుకుని కొత్త పాట ఎత్తుకున్నారు, అన్నిటికన్నా తియ్యని రాగం. మొదటి పాదం అయింది. రెండో పాదం సగంలో ఆగిపోయింది. ఆవిడ పాట మర్చిపోవడమా! ఆవిడ పెదాలు బిగించుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తలుపు వంక చూస్తూ కూర్చున్నారు. ఆ మౌనం ఆవిడకి ఎంత కష్టమో మెడ నరాల్లో తెలుస్తోంది.

"షీ హాజ్ నో మోర్," అని అరిచింది మా అమ్మాయి. "ఇట్స్ యువర్ టర్న్!"

ఆయన మా గుమ్మం దాకా వెనక్కి వచ్చాడు. గుర్రం పాటలన్నీ అయిపోయాయి. ఆయనకి మిగిలింది ఇంటివాళ్ళ పాటొక్కటే. ఏటా తలుపవతల నుంచి ఆయన భార్య పాడే చివరి చరణం. అదే ఎత్తుకున్నాడు. అది ఆవిడ పాటని మా అమ్మాయే నా చెవిలో చెప్పింది. ఆ రాగం ఆయన గొంతుకి ఎక్కువ ఎత్తు. మధ్యలో విరిగింది, మళ్ళీ అతుక్కుంది, పూర్తయింది. నేను ఏడ్చాను. మా ఆయన చెప్పులు సర్దుతున్నట్టు వంగున్నాడు.

అత్తగారు లేచి స్వయంగా తలుపు తీశారు. "మీరే గెలిచారు అన్నయ్యగారూ. రండి లోపలికి" అన్నారు. వియ్యంకుణ్ణి పిలిచే పిలుపది. గుర్రం తల వంచుకుని మా గడప దాటింది. గ్రూపులో వెంటనే పెట్టాను, ఈయన మా బబుల్ అని. మూలింటాయన, గుర్రాన్ని విడిగా లెక్కపెట్టాలా అని అడిగాడు. దానికి ఊపిరి లేదు కనక ప్రమాదం లేదని మా ఆయన శాస్త్రీయంగా జవాబు రాశాడు.

గుర్రాన్ని సోఫాలో కూర్చోబెట్టాం. దుప్పటి తీశాక ఆయన జుట్టంతా రేగి ఉంది, కళ్ళజోడు ఆవిరి పట్టి ఉంది. అత్తగారు గారెలు, పులిహోర, దోసావకాయ వడ్డించారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎదురుగా నిలబడి, నడుం మీద చెయ్యేసి, అసలు పాటలు అప్పుడు మొదలుపెట్టారు. కూర్చున్న మనిషిని తిట్టకపోతే మర్యాదా మరి. ఆయన గారె పట్టుకుని మా అమ్మాయి వైపు చూశాడు.

"ఇప్పుడేమంటున్నారు?"

"మీరు కరువులోంచి వచ్చినట్టు తింటున్నారట," అని మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. "మీకు తినడం రాదట. పులిహోరకి స్పూను అడిగిన వియ్యంకుణ్ణి ఎక్కడా చూళ్ళేదట. రేపు భోజనానికి రాకపోతే మీ ఇంటికొచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తారట."

ఆయన గారె కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రేపు ఎన్నింటికి?" అన్నాడు.